గేరు మార్చమని చెప్పే లైటు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. రాజమహేంద్రవరంలో ముప్పై ఏళ్లుగా కార్ల వైరింగ్ పని చేస్తున్న మేస్త్రీ గారు మనతో ఉన్నారు. ఇంజన్ ఒక వేగం అందుకోగానే గేరు మార్చమని వెలిగే, డాష్‌బోర్డులో పెట్టుకునే షిఫ్ట్ లైటు గురించి పోయిన వారం చాలా మంది అడిగారు. ఈ రోజు అదే విషయం. భీమవరం నుంచి ఒకరు లైనులో ఉన్నారు.

శ్రోత (భీమవరం): నమస్తే అండీ. నాది నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. 6000 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు, చిన్న ఎర్ర లైటు వెలగాలి. పక్క సీట్లో వాళ్లకు కనిపించకూడదు. డాష్‌బోర్డుకు డ్రిల్లు పెట్టమంటారా?

మేస్త్రీ: వద్దు బాబూ. డాష్‌బోర్డుకు పడిన రంధ్రం మళ్ళీ పూడదు. స్టీరింగుకు కుడివైపు వాడని స్విచ్‌ల చోట ఖాళీ బిళ్లలు ఉంటాయి, డమ్మీలంటాం. దానికి 3 మిల్లీమీటర్ల రంధ్రం చేసుకోండి. పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు.

శ్రోత: అది మోకాలి దగ్గర ఉంటుంది కదండీ. రోడ్డు చూస్తుంటే కనిపిస్తుందా?

మేస్త్రీ: కనిపించదు. బాగా అడిగారు. అయితే మీటరు మీద గొడుగులా వంగిన అంచు ఉంటుంది చూడండి, దాని లోపలి మూలన అంటించండి. బల్బును నల్లటి గొట్టంలో ఒక సెంటీమీటరు లోపలికి దించండి. బావిలో నీళ్లు వంగి చూసినవాడికే కనిపించినట్టు, ఆ వెలుగు మీ కంటికి మాత్రమే తగులుతుంది. విడి ఎల్‌ఈడీ వాడితే కరెంటును తగ్గించే రెసిస్టర్ తప్పదు. ఇంజన్ నడుస్తుంటే 14 వోల్టులు వస్తాయి, ఎర్ర ఎల్‌ఈడీ 2 తింటుంది, మిగిలిన 12 వోల్టులకు 1000 ఓములు వేస్తే 12 మిల్లీ ఆంపియర్లు. అది చాలు. కరెంటు తాళం తిప్పితేనే వచ్చే ఫ్యూజు నుంచి తీసుకోండి, మధ్యలో ఒక ఆంపియర్ ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు లేని తీగ వద్దు. ఇక అందరూ వినండి, డాష్‌బోర్డు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే వాటి జోలికి పోకండి. అవి ఎయిర్‌బ్యాగువి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీసి పది నిమిషాలు ఆగండి.

శ్రోత: మరి 6000కే పెట్టాలా?

మేస్త్రీ: ఇంజన్‌ను దాటించకూడని ఎర్ర గీత మీ మీటరులో ఎక్కడుంది?

శ్రోత: 6200 అండీ.

మేస్త్రీ: అయితే 5700కి పెట్టండి. కన్ను చూసి కాలు క్లచ్ తొక్కేలోపు ముల్లు మూడు నాలుగు వందలు పైకి పోతుంది, మొదటి గేరులో ఇంకా ఎక్కువ. అయినా భీమవరం-ఉండి రోడ్డు మీద 6000 దాకా తిప్పే పని ఏముంది బాబూ, చెరువుల లారీలు, ఎదురు బళ్లు...

శ్రోత: ఎప్పుడో ఒకసారి అండీ.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తరువాత రాజోలు నుంచి.

శ్రోత (రాజోలు): నమస్కారమండీ. నేను రిటైరైన మాస్టారిని. ముందు అంబాసిడర్ ఉండేది. ఇప్పుడున్నది 2014 డీజిల్ కారు, మా అబ్బాయి కొనిచ్చాడు. వాడు హైదరాబాదులో ఉంటాడు. నేను వారానికి రెండుసార్లు పాలకొల్లు వెళ్తాను, చించినాడ వంతెన మీదుగా. ఒక్కోసారి వెనక నాలుగు బస్తాల కొబ్బరికాయలు కూడా ఉంటాయి. ఆ అంబాసిడర్‌కు మీటరు పని చేసేది కాదు, అయినా ఇంజన్ చప్పుడు వింటూ గేరు మార్చేవాణ్ణి. ఇప్పుడు ఏసీ వేసి అద్దాలు ఎత్తేస్తే చప్పుడే వినిపించడం లేదు.

మేస్త్రీ: బండి చప్పుడు తక్కువై కాదా మాస్టారూ?

శ్రోత: అదీ ఉంది. (నవ్వు) చెవి కూడా కొంచెం మందగించింది లెండి. మూడో గేరులోనే కాలువ గట్టు పొడవునా వెళ్లిపోయి, రాజోలు దగ్గరకు వచ్చాక చూసుకుంటున్నాను. అందుకే లైటు. ఎక్కడ పెట్టాలి, ఎంతకు పెట్టాలి? ఎవరికీ కనిపించకూడదు. అది ముఖ్యం.

మేస్త్రీ: ముందు డీజిల్ సంగతి వినండి. పెట్రోలు బండికి స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ ఉంటుంది, దాని తీగలో వచ్చే కరెంటు దెబ్బలు లెక్కపెట్టి లైటు వెలుగుతుంది. డీజిల్‌కు స్పార్క్ లేదు, కాయిల్ లేదు. కొందరు ఇంజన్ తిరుగుడును కొలిచే క్రాంక్ సెన్సర్ తీగను గిల్లి అక్కడి నుంచి తీస్తారు. అది చేయకండి. ఆ సిగ్నల్ చెడితే నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోతుంది. కొన్ని బళ్లలో బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్‌కు డబ్ల్యూ అని ఒక టెర్మినల్ ఉంటుంది, అది పనికొస్తుంది, కానీ పుల్లీ సైజును బట్టి లెక్క మారుతుంది, మీటరు ముల్లుతో సరిచూసుకుంటూ సెట్ చేయాలి. మీకు ఇదంతా ఎందుకు? స్టీరింగు కింద పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది, వర్క్‌షాపువాళ్లు బండి లోపాలు చదివేది అక్కడే. దానికి తగిలించి లైటు వెలిగించే యూనిట్లు దొరుకుతాయి. తీగ కోయనక్కర లేదు.

శ్రోత: అంటే కాయిల్ నుంచి తీగ తీయాలి, అంతే కదా?

మేస్త్రీ: కాదు మాస్టారూ. మీ బండికి కాయిల్ లేదు. స్టీరింగు కింద సాకెట్.

శ్రోత: ఆ, సాకెట్. రాసుకుంటున్నాను.

మేస్త్రీ: ఇంకొకటి రాసుకోండి. ఆ సాకెట్‌లో పదహారో పిన్నుకు తాళం తీసినా బ్యాటరీ కరెంటు ఉంటుంది. నాలుగు రోజులు బండి తీయకపోతే యూనిట్ పీకేయండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. సాకెట్ నుంచి లెక్క రావడానికి క్షణంలో కొంత ఆలస్యం ఉంటుంది, రేసులకు అది పనికిరాదు, మీకు బాగానే సరిపోతుంది. లైటు 2200కి పెట్టుకోండి. చిన్న డీజిల్ ఇంజన్లలో చాలావాటికి 2000 దగ్గరే లాగుడు ఎక్కువ. కానీ చించినాడ వంతెన ఎక్కేటప్పుడు, అందులోనూ కొబ్బరి బస్తాలతో, లైటు వెలిగింది కదా అని గేరు పెంచకండి. ముల్లు 1500 కిందికి పడితే ఇంజన్ మూలుగుతుంది, బండి గుంజుతుంది. ఎక్కి దిగాక మార్చండి.

శ్రోత: సరే. అయితే ఎంతకు పెట్టమన్నారు?

మేస్త్రీ: 2200.

శ్రోత: ఎవరికీ కనిపించకుండా ఎందుకంటున్నానంటే... మా అబ్బాయి సంక్రాంతికి వస్తాడు. లైటు చూస్తే ఎందుకని అడుగుతాడు. చెవి సంగతి తెలిస్తే తాళాలు పట్టుకుపోతాడు.

మేస్త్రీ: (కాసేపు ఆగి) మాస్టారూ, ఇంజన్ చప్పుడు వినిపించకపోతే లైటు పెడతాను. వెనక లారీ హారన్ వినిపించకపోతే నేను పెట్టే లైటు ఏదీ లేదు. ముందు చెవి డాక్టరుకు చూపించుకోండి. లైటు ఎక్కడికీ పోదు.

శ్రోత: అవునండీ... చూపిస్తాను.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు మాస్టారూ. అమలాపురం నుంచి చెప్పండమ్మా.

శ్రోత (అమలాపురం): మేము పోయిన ఏడాది కొత్త కారు కొన్నాం. నేను ఇప్పుడే నేర్చుకుంటున్నాను. మైలేజీ కోసం ఈ లైటు పెట్టించుకోవచ్చా?

మేస్త్రీ: మీటరులో గేరు అంకె పక్కన పైకి బాణం గుర్తు వస్తుందా అమ్మా?

శ్రోత: వస్తుందండీ. అదేమిటో తెలియదు.

మేస్త్రీ: అదే షిఫ్ట్ లైటు. కంపెనీవాళ్లే పెట్టి ఇచ్చారు. వారంటీలో ఉన్న బండి తీగలు ఎవరి చేతా ముట్టించకండి.

వ్యాఖ్యాత: రావులపాలెం నుంచి...

శ్రోత (రావులపాలెం): హలో, హలో, మేస్త్రీ గారూ, మా బండి వరదలో నిలిచింది, డాష్‌బోర్డులో...

వ్యాఖ్యాత: లైను తెగింది.

మేస్త్రీ: వింటూ ఉంటే వారికొక మాట. నీళ్లలో నిలిచిన బండికి కొత్త లైటు తరువాత, ముందు కనెక్టర్లు విప్పి చూడాలి. లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. నరసాపురం, అంతర్వేది వైపు వరద రాకపోయినా ఉప్పు గాలికే పడుతుంది. ఎర్తు తీగ బిగించే చోట రంగు గీకి, మెరిసే ఇనుము మీద బిగించి, పైన గ్రీజు రాయండి. సగం జబ్బులు అక్కడే ఉంటాయి. పసుపు కనెక్టర్లు మాత్రం ఎవరూ విప్పకండి, అది వర్క్‌షాపు పని.

వ్యాఖ్యాత: తణుకు.

శ్రోత (తణుకు): లైటు నేనే బిగించుకున్నానండీ. మీటరుకు వెళ్లే తీగ నుంచి సిగ్నల్ తీశాను. 3000కి పెట్టాను, ముల్లు 4000కి వస్తే గానీ వెలగడం లేదు. యూనిట్ చెడిపోయిందా?

మేస్త్రీ: ఇంజన్‌కు ఎన్ని సిలిండర్లు?

శ్రోత: మూడు.

మేస్త్రీ: యూనిట్‌లో?

శ్రోత: అక్కడ... నాలుగు అని ఉందండీ.

మేస్త్రీ: యూనిట్ చెడలేదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ చుట్టుకు రెండు దెబ్బలు ఇస్తుంది, మీది ఒకటిన్నర. అసలు 4000 తిరిగితే మీ యూనిట్ 3000 అనుకుంటుంది. మూడుకు మార్చండి, సరిపోతుంది. ఫ్యూజు వేశారా?

శ్రోత: ... వేయలేదండీ.

మేస్త్రీ: ఈ రోజే వేయండి. ఫ్యూజు లేని తీగ ఎక్కడైనా ఇనుముకు ఒరిసిందంటే బండి తగలబడుతుంది. ఎన్నిసార్లు చెప్పాలి!

వ్యాఖ్యాత: యానాం నుంచి ఒకరు.

శ్రోత (యానాం): మాది ఆటోమేటిక్ కారండీ. దానికి కూడా...

మేస్త్రీ: దాని గేర్లు అదే మార్చుకుంటుంది కదండీ! మీకు లైటు దేనికి?

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. చివరి కాల్, రాజోలు నుంచి.

శ్రోత (రాజోలు): మళ్ళీ నేనే అండీ. ఒక్క మాట మరిచిపోయాను. రంగు ఏది పెట్టాలి?

మేస్త్రీ: ఎరుపు వద్దు మాస్టారూ. ఆయిలు, బ్యాటరీ హెచ్చరికలు ఎరుపులోనే వస్తాయి, కంగారు పడతారు. పసుపు పెట్టండి. రాత్రి వెలుగు తగ్గించే ఏర్పాటు ఉన్నది చూసి తీసుకోండి, లేకపోతే ముందు అద్దంలో ప్రతిబింబం పడుతుంది.

శ్రోత: పసుపు ముట్టుకోవద్దన్నారు కదా?

మేస్త్రీ: (నవ్వు) అది కనెక్టర్ మాస్టారూ. ఇది బల్బు.

శ్రోత: ఆ, బల్బు. 2200. రేపు అమలాపురంలో చెవి డాక్టరు దగ్గరకు వెళ్తున్నాను. మా తమ్ముడి కొడుకు నడుపుతానన్నాడు.

మేస్త్రీ: వెళ్లి రండి. వచ్చాక బండి తీసుకుని రాజమహేంద్రవరం రండి, నేనే బిగిస్తాను.

వ్యాఖ్యాత: మేస్త్రీ గారికి, ఫోన్ చేసిన అందరికీ ధన్యవాదాలు. వచ్చే వారం ఇదే సమయానికి ఏసీ గ్యాసు గురించి.