రంగు చూసి ట్రౌట్ పేరు చెప్పొద్దండి

అందరికీ నమస్కారం. అన్నలకు, అక్కలకు, ఫిషరీస్ చదువుకుంటా వచ్చిన పిల్లలకు, అందరికీ. ఈ తిరుపతి ఎండలో చల్లనీళ్ళ చేప గురించి వినడానికి ఇంతమంది వచ్చినారంటే నిజంగా సంతోషంగా ఉంది.

ముందే చెప్పేస్తా, ట్రౌట్ మన దగ్గర దొరకదు, దొరికే అవకాశం కూడా లేదు. నీళ్ళు 20 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతాది, 25 దగ్గరికి పోతే ప్రాణం మీదకు వస్తాది, మన స్వర్ణముఖిలో ఎండాకాలం నీళ్ళుంటే అదే గొప్ప గదా. కానీ మనోళ్ళు ఇప్పుడు గాలం పట్టుకోని ఊటీ పోతాండారు, కులూ పోతాండారు, అమెరికాలో పిల్లల దగ్గరికి పోయి అక్కడ లైసెన్స్ తీసుకోని మరీ పడతాండారు. పట్టినాక ఫోటో వాట్సాప్‌లో పెట్టి "అన్నా ఇది ఏ ట్రౌట్" అని అడుగుతారు, కింద పది మంది పది పేర్లు చెప్తారు, అందరూ రంగు చూసే చెప్తారు. ఈరోజు నేను చెప్పేదంతా దాని గురించే, రంగును ఆఖర్న చూడండి.

మీకిది కొత్తేం కాదు. అరణియార్‌లో పడిన బొచ్చెను, రోహును, ఎర్రమోసును మీరు రంగు చూసి చెప్తారా? తల ఎంత లావుంది, నోరు పైకి తిరిగుందా కిందికి తిరిగుందా, పెదవి మందంగా కుచ్చులు కుచ్చులుగా ఉందా, ఇదే గదా చూస్తారు. చీకట్లో తడిమి కూడా చెప్పేస్తారు. ట్రౌట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మెరుపు చూసి ఈ అలవాటంతా మర్చిపోతాం.

రంగు ఎందుకు పనికిరాదంటే, ఒకే జాతి చేప ఏటిలో ఒక రంగులో, సరస్సులో ఇంకో రంగులో, సముద్రానికి పోయొస్తే మొత్తం వెండి రంగులో ఉంటాది. మన దేశంలో పడే ట్రౌట్‌లు ముఖ్యంగా రెండు, బ్రౌన్, రెయిన్‌బో. జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ అంతటాయనే 1758లో బ్రౌన్ ట్రౌట్‌నే మూడు జాతులని మూడు పేర్లు పెట్టి రాసినాడు, తర్వాత చూస్తే మూడూ ఒకటే. రెయిన్‌బో కథ కూడా అట్లాంటిదే, రష్యా వైపు కమ్‌చట్కాలో దొరికినదానికి 1792లో ఒక పేరు, అమెరికా వైపు దొరికినదానికి 1836లో ఇంకో పేరు, రెండూ ఒకే చేప అని ఒప్పుకోని 1989లో పాత పేరే ఖాయం చేసినారు, అప్పుడే దాన్ని బ్రౌన్ ట్రౌట్ ఉండే గుంపులోనుంచి తీసి పసిఫిక్ సాల్మన్‌ల గుంపులో కలిపినారు. అంటే చూసేదానికి అన్నదమ్ముల మాదిరి ఉండే బ్రౌను, రెయిన్‌బో నిజానికి దూరపు చుట్టాలు.

సరే, చేప పడింది, చేతి వలలో ఉంది. ఏం చూడాల?

మొదట ట్రౌటేనా అని చూడండి. వీపు మీద పెద్ద రెక్క ఉంటాది గదా, దానికీ తోకకూ మధ్యలో ముల్లు లేకుండా మెత్తగా ఒక చిన్న కండ రెక్క ఉంటాది, వేలితో ఇట్లా అంటే వంగిపోతాది. మన జెల్లలకు కూడా అట్లాంటిది ఉంటాది, రోహుకు ఉండదు. హిమాచల్‌లో, ఉత్తరాఖండ్‌లో స్నో ట్రౌట్ అని ఒకటి పడతాది, చిన్న చిన్న పొలుసులు, సన్నగా ట్రౌట్ మాదిరే ఉంటాది గానీ దానికి ఈ కండ రెక్క ఉండదు, నోరు కిందికి ఉంటాది, రాళ్ళ మీద పాచి గీక్కోని తింటాది. అది మన రోహు కుటుంబంది, ఆ కొండల సొంత చేప, బయటినుంచి తెచ్చిన ట్రౌట్ వల్ల దానికి చోటు తగ్గుతా ఉంది. దయచేసి అది పడితే జాగ్రత్తగా వదిలేయండి.

ఇప్పుడు తోక. నన్నడిగితే మన దేశంలో పట్టేవాళ్ళకు ఈ ఒక్కటి తెలిస్తే ముప్పాతిక పని అయిపోయినట్టే. తోకను రెండు వేళ్ళతో మెల్లగా విసనకర్ర మాదిరి విప్పండి. రెయిన్‌బో అయితే తోకంతా నల్ల చుక్కలు, ఊరికే చల్లినట్టు కాదు, తోక గీతల వెంబడే వరసలు వరసలుగా అంచు దాకా పోతాయి. బ్రౌన్ అయితే తోక దాదాపు ఖాళీ, ఉంటే పైభాగంలో ఏదో ఒకటో రెండో మసగ్గా ఉంటాయి. పక్కన గులాబీ పట్టీ ఉందా లేదా అని చూడబాకండి, ఫారమ్‌లో పెరిగిన రెయిన్‌బోకు చాలాసార్లు ఆ పట్టీ కనపడీ కనపడనట్టు ఉంటాది, ఒళ్ళంతా వెండిగా ఉంటాది, తొట్టి గోడలకు రాసుకోని రెక్కల అంచులు అరిగిపోయుంటాయి. తోక మీద చుక్కలు మాత్రం యాడికీ పోవు.

తర్వాత ఒంటి మీద ఎర్ర చుక్కలు. బ్రౌన్‌కు పక్కల్లో నల్ల చుక్కలతో పాటు ఎర్రవో నారింజవో ఉంటాయి, ఒక్కోదాని చుట్టూ లేత రంగు వలయం ఉంటాది. కండ రెక్క అంచు కూడా చాలావాటికి నారింజ రంగులో ఉంటాది. రెయిన్‌బోకు ఎర్ర చుక్కలు ఉండవు, కండ రెక్కకు నల్ల అంచు ఉంటాది. తోక, చుక్క, కండ రెక్క మూడూ ఒకే మాట చెప్తే ఇంక అనుమానం లేదు.

ఏ ఏట్లో పట్టినారనేది కూడా చాలా చెప్తాది. కశ్మీర్‌కు 1899లో బ్రిటన్ నుంచి తెప్పించిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లు దారిలోనే పాడైపోయినాయి, 1900లో మళ్ళీ తెప్పిస్తే బతికినాయి, ఫ్రాంక్ మిచెల్ అనే ఆయన దగ్గరుండి చూసుకున్నాడు. అక్కడినుంచే 1909 ప్రాంతంలో కులూకు వచ్చింది. అందుకే కులూ వైపు తీర్థన్ లాంటి ఏర్లలో సొంతంగా గుడ్లు పెట్టి పెరిగేది బ్రౌన్, రెయిన్‌బో అక్కడ ఎక్కువగా ఫారమ్ చేప, తప్పించుకోని ఏట్లోకి వచ్చింటాది. మన పక్కన నీలగిరుల్లో కథ వేరే. 1860ల్లో ఫ్రాన్సిస్ డే అనే చేపల శాస్త్రవేత్త బ్రౌన్ ట్రౌట్ కోసం ఎంతో కష్టపడినాడు, నిలబడలేదు, 20వ శతాబ్దం మొదట్లో విల్సన్ అనే చేపల పెంపకం నిపుణుడు వచ్చినాక రెయిన్‌బో నిలబడింది, ఊటీ దగ్గర అవలాంచిలో గుడ్లు పొదిగించే హేచరీ ఆయన కాలంలో మొదలైందే. కాబట్టి ఊటీ పైన పడింది బ్రౌన్ అని ఎవరన్నా అంటే ముందు తోక ఫోటో అడగండి.

ఇంక అమెరికా పోయేవాళ్ళకు. అక్కడ పని కష్టం, ఎందుకంటే జాతులు ఎక్కువ, ఒక జాతిని తీసుకోవచ్చు, పక్కనే ఇంకోదాన్ని ముట్టుకుంటే కేసు. బ్రూక్ ట్రౌట్‌తో మొదలుపెట్టండి. ఇప్పటిదాకా చెప్పినవి లేత ఒంటి మీద ముదురు చుక్కలు, బ్రూక్ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటాది, ముదురు ఒంటి మీద లేత చుక్కలు. వీపు మీద పురుగు పాకినట్టు మెలికల గీతలు, పొట్ట కింది రెక్కల ముందంచు తెల్లగా, ఆ తెలుపు వెనకాలే నల్ల గీత. ఒకసారి చూస్తే మర్చిపోరు.

దాని చుట్టం బుల్ ట్రౌట్. లేత చుక్కలే, తెల్ల అంచులే, కానీ దాన్ని 1999 నుంచి అమెరికాలో అంతరించే ప్రమాదమున్న జాతుల చట్టం కింద పెట్టినారు, పడితే వెంటనే వదలాల. తేడా యాడుందంటే వీపు రెక్కలో. బ్రూక్‌కు వీపు రెక్క మీద నల్ల మెలికలు ఉంటాయి, బుల్ ట్రౌట్‌కు నల్లది ఒక్క మచ్చ కూడా ఉండదు. అక్కడోళ్ళు పిల్లలకు నేర్పించేది కూడా అదే, నలుపు లేకుంటే నీళ్ళలో వదులు అని. నాకు చాలా నచ్చిన పద్ధతి ఇది, ఎందుకంటే నోటు పుస్తకం లేకుండా నది ఒడ్డున నిలబడి ఒక్క రెక్క చూసి తేల్చేయొచ్చు.

లేక్ ట్రౌట్‌కు తోక లోతుగా చీలి ఉంటాది, అంత చాలు.

కట్‌త్రోట్ అనే ఇంకో ట్రౌట్ మాత్రం చూసేదానికి రెయిన్‌బోతో బాగా కలిసిపోతాది. దవడ కింద రెండు పక్కలా ఎర్ర గీత ఉంటాది, చుక్కలు ఎక్కువగా తోక వైపు గుమిగూడి ఉంటాయి. కష్టం యాడొస్తాదంటే ఈ రెండూ కలిసి పిల్లలు పెడతాయి, ఆ పిల్లలూ మళ్ళీ గుడ్లు పెడతాయి, అప్పుడు గీత మసకగా సగం సగం ఉంటాది. నాలుక వెనక వేలు పెడితే కట్‌త్రోట్‌కు సన్నని పళ్ళు తగులుతాయంటారు, అది నిజమే, కానీ వదిలే చేప నోట్లో వేలు పెట్టి వెతకొద్దని నా మాట. అనుమానం ఉంటే రక్షిత జాతి అనే అనుకోని వదిలేయండి.

లండన్ వైపు పోయేవాళ్ళు చిన్న సాల్మన్‌ను బ్రౌన్ ట్రౌట్ అనుకుంటారు. దవడ ఎముక కన్ను దాటి వెనక్కి పోతే ట్రౌట్, కన్ను మధ్యలోనే ఆగిపోతే సాల్మన్ పిల్ల. తోక మొదలు సన్నగా నడుము మాదిరి ఉంటే కూడా సాల్మనే.

ఇవన్నీ చూడాలంటే చేప మీ చేతిలో బతికుండాల. చెయ్యి తడిపి పట్టుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీద జిగురు పోయి బూజు పట్టి చచ్చిపోతాది. మొప్పల్లో వేలు పెట్టొద్దు. వల నీళ్ళలోనే ఉంచి మూడు ఫోటోలు తీయండి, పక్కనుంచి మొత్తం ఒళ్ళు, విప్పిన తోక, వీపు రెక్క. ముఖం పక్కన పెట్టుకోని సెల్ఫీ తీస్తే మీరు కనపడతారు, తోక కనపడదు. హిమాచల్ పోయేవాళ్ళు ఫిషరీస్ ఆఫీసులో లైసెన్స్ తీసుకోండి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ ఏర్లు మూసేస్తారు, అది బ్రౌన్ గుడ్లు పెట్టే కాలం, గులకరాళ్ళ మీద నడిచినా గుడ్లు నలిగిపోతాయి.

ఇప్పుడు మీ ఫోన్లు తీయండి, పాత ఫోటోలు ఒక్కొక్కటే స్క్రీన్ మీద పెట్టి చూద్దాం. ముందు వరసలో ఉండే అన్నది మొదట పెట్టండి, తోక దగ్గరికి జూమ్ చేయండి.