టేబుల్‌టాప్ క్యాంపెయిన్ నోట్స్‌కి ఉచిత సాఫ్ట్‌వేర్: ఫోన్-ఇన్

యాంకర్: మొదటి కాల్ విశాఖపట్నం నుంచి. చెప్పండి.

కాలర్: నమస్కారం సార్. డంజన్స్ అండ్ డ్రాగన్స్ క్యాంపెయిన్ ఆడిస్తున్నానండి, అంటే బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు పోషిస్తూ చాలా సెషన్లు ఆడే కథ. జీఎం, అంటే కథ నడిపే గేమ్ మాస్టర్ని నేనే. నోట్స్ కొన్ని వాట్సాప్‌లో, కొన్ని గూగుల్ డాక్స్‌లో ఉన్నాయి. ఆట మధ్యలో ఏదీ దొరకట్లేదు.

నిపుణుడు: అబ్సిడియన్ అనే నోట్స్ యాప్ వేసుకోండి. ఉచితమే, కాకపోతే ఓపెన్ సోర్స్ కాదు, అంటే దాని కోడ్ అందరికీ తెరిచి ఉండదు. అది కూడా కావాలంటే లాగ్‌సీక్ ఉంది. రెండూ నోట్స్‌ని మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా మీ కంప్యూటర్లోనే ఉంచుతాయి. రేపు యాప్ మూతపడినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి.

ఫోల్డర్లు నాలుగు చాలు: సెషన్లు, మనుషులు, ఊర్లు, వస్తువులు. ఒక్కో పాత్రకి ఒక్కో ఫైలు. సెషన్ నోట్‌లో ఆ పాత్ర పేరు రాసేటప్పుడు రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య పెట్టండి, లింకు అవుతుంది. తర్వాత ఆ పాత్ర ఫైలు తెరిచి బ్యాక్‌లింక్స్ (దానికి లింకు ఉన్న నోట్స్ జాబితా) చూస్తే, ఏయే సెషన్లలో కనిపించిందో తెలిసిపోతుంది. పేరు మార్చాలంటే మాత్రం అబ్సిడియన్ లోపలే మార్చండి. విండోస్ ఫోల్డర్లోకి వెళ్లి మార్చారంటే పాత లింకులన్నీ తెగిపోతాయి.

ప్రపంచమంతా ముందే రాసిపెట్టుకోకండి. వచ్చే సెషన్‌కి ఏం కావాలో అంతే. మిగతాది రాసినా ఆటగాళ్లు అటువైపు వెళ్లరు.

కాలర్: ఫోన్లో కూడా కావాలండి.

నిపుణుడు: అబ్సిడియన్ వాళ్ల సొంత సింక్‌కి డబ్బు కట్టాలి. ఆండ్రాయిడ్ అయితే, పరికరాల మధ్య ఫైళ్లని ఒకేలా ఉంచే సింక్‌థింగ్‌తో ఉచితంగా అయిపోతుంది. దాని అధికారిక ఆండ్రాయిడ్ యాప్ 2024లో ఆగిపోయింది, ఫోన్లో సింక్‌థింగ్-ఫోర్క్ వేసుకోండి. ఇక్కడే అందరికీ ఒక తలనొప్పి వస్తుంది: పేరులో ‘సింక్-కాన్‌ఫ్లిక్ట్’ అని ఉన్న ఫైళ్లు పుట్టుకొస్తాయి. ఏ కిటికీ ఎక్కడ తెరిచి ఉందో అబ్సిడియన్ ‘వర్క్‌స్పేస్’ అనే ఫైల్లో రాసుకుంటుంది. మీరు ఒక్క అక్షరం రాయకపోయినా అది మారుతూ ఉంటుంది, రెండు పరికరాల్లో రెండు రకాలుగా. సింక్‌థింగ్‌లో ఆ ఫోల్డర్‌కి ‘ఇగ్నోర్ ప్యాటర్న్స్’ అని ఉంటుంది. డాట్ అబ్సిడియన్, స్లాష్, వర్క్‌స్పేస్, స్టార్ (.obsidian/workspace*) అని అక్కడ రాయండి, ఆ ఫైలుని సింక్ చేయకుండా వదిలేస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఒకసారి, ఫోన్లో ఒకసారి రాయాలి. ఆ జాబితా తనంతట తాను రెండోవైపుకి వెళ్లదు.

ఇంకోటి, సింక్ ఉంది కదా అని బ్యాకప్ మానేయకండి. ఫోన్లో పొరపాటున డిలీట్ చేస్తే ల్యాప్‌టాప్‌లోనూ పోతుంది. ల్యాప్‌టాప్ వైపు సింక్‌థింగ్‌లో ఫైల్ వెర్షనింగ్ (పాత కాపీలు దాచడం) ‘సింపుల్’ పెట్టి, 5 కాపీలు ఉంచమనండి.

యాంకర్: తర్వాతి కాల్ హైదరాబాద్ నుంచి.

కాలర్: సార్, ఆట మ్యాపుని ఆన్‌లైన్లో అందరికీ చూపించే మ్యాప్‌టూల్‌లో సర్వర్ పెట్టానండి. డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి కనెక్ట్ అవట్లేదు. రౌటర్‌లో పోర్ట్ 51234 తెరిచాను.

నిపుణుడు: మీ రౌటర్ పేజీలో వ్యాన్ (WAN) ఐపీ, అంటే రౌటర్‌కి ప్రొవైడర్ ఇచ్చిన నంబరు చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైందా?

కాలర్: 100.72 అని ఉందండి.

నిపుణుడు: అదే కారణం. మీ ప్రొవైడర్ చాలామందిని ఒకే పబ్లిక్ ఐపీ వెనక పెట్టాడు. మీ రౌటర్‌లో ఏ పోర్ట్ తెరిచినా బయటివాళ్లకి అది కనపడదు. పబ్లిక్ ఐపీ ఇస్తారేమో అడగండి, లేదా తమ్ముణ్ణే సర్వర్ పెట్టమనండి. అతని ఐపీ కూడా ఇలాగే ఉందేమో ముందు చూసుకోవాలి. మ్యాపు మీద టోకెన్లు (పాత్రల బిళ్లలు) జరపడమే పనైతే అవుల్‌బేర్ రోడియో చాలు. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఆటగాళ్లకి లింకు పంపితే సరి.

కాలర్: ఇలాంటి ఆటలు ఆన్‌లైన్లో ఆడుకునే సైటు రోల్20 ఉంది కదా, దాని ఉచిత ఖాతా సరిపోతుందా అండి?

నిపుణుడు: ఆటకి సరిపోతుంది, చోటే చాలదు. పెద్ద పీఎన్‌జీ మ్యాపులు ఎక్కిస్తూ పోతే త్వరగా నిండిపోతుంది. అక్కడ గడికి 70 పిక్సెళ్లు, అంటే 30 గడులు బై 20 గడుల మ్యాపుకి 2100 బై 1400 చాలు. ఆ సైజుకి కుదించి, జేపెగ్‌గా మార్చి ఎక్కించండి. గడులు తప్పుతున్నాయంటే చాలాసార్లు చిత్రం కొలత 70తో భాగించబడట్లేదన్నమాట.

కాలర్: ఆటగాళ్లకి నా నోట్స్ కొన్నే చూపించాలంటే?

నిపుణుడు: కంకా అనే సైటు వాడండి, క్యాంపెయిన్ నోట్స్‌కే చేసింది. ఒక్కో పేజీ ఎవరికి కనిపించాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. పెట్టాక ఆటగాడి ఖాతాతో లాగిన్ అయి ఒకసారి చూసుకోండి. విలన్ అసలు పేరు పేజీల్లోనే కాదు, సెర్చ్ పెట్టెలోనూ బయటపడుతోందేమో చూడండి.