ఎపిసోడ్ 41: పాపని అడిగావా?

అక్క: అందరికీ నమస్కారం. పోయిన వారం మాటిచ్చాం కదా, పిల్లల ఫోటోలు పెట్టేటప్పుడు ఏ సెట్టింగులు చూసుకోవాలో ఇవాళ చెప్పుకుందాం.

తమ్ముడు: ముందు లొకేషన్.

అక్క: వచ్చేసింది లొకేషన్!

తమ్ముడు: రాదా మరి? ఫోన్‌తో తీసిన ఫోటోలో ఎక్కడ తీశామో కూడా దాగి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే దాంతో పాటే వెళ్ళిపోతుంది. కెమెరాలో లొకేషన్ ఆపేయండి, ప్రొఫైల్ ప్రైవేట్ చేసుకోండి. అంతే.

అక్క: సరే. మొన్న రాత్రి పాప ఏడుస్తున్న వీడియో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అది ఈ లెక్కలోకి రాదు కదా?

తమ్ముడు: ఎందుకు రాదు? గ్రూపులో ఎంతమంది?

అక్క: నలభై మంది ఉంటారేమో. అందరూ మనవాళ్ళేరా.

తమ్ముడు: పిన్ని దాన్ని నిన్న పొద్దున స్టేటస్ పెట్టింది.

అక్క: పెట్టిందా?

తమ్ముడు: నేనే ఫోన్ చేసి తీయించాను. స్టేటస్ ఎలాగూ 24 గంటల్లో పోతుంది గానీ, ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసుకుంటే అది పోదు కదా.

అక్క: నాకు చెప్పలేదేం?

తమ్ముడు: బాధపడతావని.

అక్క: ఇప్పుడు ఇంతమంది వింటుండగా చెప్తే పడనా? అయినా అమ్మకి ఎలా చూపించను? పాప మొదటి అడుగు వేసింది కూడా తను ఫోన్లోనే చూసింది. ఆ సంతోషం కూడా వద్దంటావా?

తమ్ముడు: అమ్మకి ఒక్కదానికే పంపు. వద్దని ఎవరన్నారు? వెనకాల బడి బోర్డు, యూనిఫాం పడకుండా చూసుకో. అవీ లొకేషనే.

అక్క: నా కూతురు వీడియో పెట్టుకోవడానికి ఇన్ని లెక్కలా?

తమ్ముడు: నీ కూతురే. ముఖం మాత్రం తనదే కదా అక్కా. ఫ్రాన్స్‌లో 2024లో చట్టమే చేశారు. పిల్లల ఫోటోల మీద వాళ్ళకున్న హక్కును అమ్మానాన్నలిద్దరూ కలిసి కాపాడాలి, వయసును బట్టి పిల్లల మాట కూడా వినాలి.

అక్క: నాలుగేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుందిరా?

తమ్ముడు: వద్దనడం తెలుసు. నా చిన్నప్పటి నీలం బకెట్ ఫోటో ఎవరికీ చూపించొద్దని నేను ఎన్నేళ్ళు బతిమాలాను?

అక్క: అది ఆల్బమ్‌లో ఉండేది. ఇంటికొచ్చినవాళ్ళే చూసేవారు.

తమ్ముడు: అదే అంటున్నా. వాళ్ళు వెళ్ళాక బీరువాలో పెట్టేసేవాళ్ళం.

(కాసేపు మాటల్లేవు)

అక్క: మొన్న రాత్రి పాప కెమెరాకి చెయ్యి అడ్డం పెట్టింది. నేనే ఆ చెయ్యి పక్కకి తీసి మళ్ళీ తీశాను.

తమ్ముడు: అక్కా...

అక్క: ఉండు. నా ఫోన్ ఇటివ్వు.

తమ్ముడు: ఇంకా రెండు రోజులు కాలేదు, అందరికీ డిలీట్ అవుతుంది. దాచుకున్నవాళ్ళ ఫోన్లలో ఉంటే మాత్రం విడిగా అడగాలి.

అక్క: అడుగుతాను, ఒక్కొక్కరినీ. పిన్నితోనే మొదలుపెడతా.

తమ్ముడు: మరి సెట్టింగులు?

అక్క: వచ్చే వారం.

తమ్ముడు: లొకేషన్ అయినా...

అక్క: ఆపేస్తాలేరా. పాప లేచినట్టుంది, పిలుస్తోంది. రికార్డింగ్ ఆపెయ్.