న్యూయార్క్‌లో శని, ఆదివారాలు: కారు ఎక్కడ వదలాలి, పెరుగన్నం ఎప్పుడు కలపాలి

హలో అండీ, అందరికీ నమస్కారం. వర్జీనియా, మేరీల్యాండ్, ఫిలడెల్ఫియా వైపు ఉంటూ, పిల్లల్నీ ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారినీ మామయ్యగారినీ తీసుకుని రెండు రోజులు న్యూయార్క్ వెళ్లొద్దామనుకునే వాళ్ల కోసం ఈ వీడియో. ఏం చూడాలో చెప్పే లిస్టులు యూట్యూబ్ నిండా ఉన్నాయి. ఎలా తిరగాలో ముందే తేల్చుకోకపోతే అందులో సగం కూడా అవ్వవు. అందుకే ఇవాళంతా తిరగడం గురించే మాట్లాడుకుందాం.

ముందు కారు సంగతి. మాన్‌హాటన్‌లోకి కారు తీసుకెళ్లొద్దు. 2025 జనవరి 5 నుంచి 60వ వీధికి దక్షిణాన అడుగుపెట్టిన కారుకి కంజెషన్ టోల్, అంటే రద్దీ రుసుము, పడుతోంది. టోల్ దానంతటదే కట్టే ఈ-జీపాస్ కారులో ఉంటే రోజుకి 9 డాలర్లు. వీకెండ్‌లో పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా ఇదే రేటు, ఆ తర్వాత 2 డాలర్ల 25 సెంట్లు. దీనికి టన్నెల్ టోల్ వేరే. అన్నీ కట్టి గరాజ్ దగ్గరికి వెళ్తే, బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఒక రేటు ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. 18.375 శాతం పార్కింగ్ ట్యాక్స్ అదనం, ‘ఓవర్‌సైజ్’ బండికి ఇంకొంత అదనం. ఎస్‌యూవీ, మినీవ్యాన్ అన్నీ వాళ్ల లెక్కలో ఓవర్‌సైజే. మన ఇళ్లల్లో ఉండేవి అవేగా!

అందుకే కారుని న్యూజెర్సీలోనే ఒక రైలు స్టేషన్ దగ్గర వదిలి, అక్కడి నుంచి రైలెక్కండి. దక్షిణం నుంచి ఐ-295 మీద వచ్చేవాళ్లకి హామిల్టన్ స్టేషన్ సుఖం. ఎగ్జిట్ 65 దగ్గర దిగితే పార్కింగ్ కనిపిస్తుంది. ఇంకాస్త పైకి వచ్చి ఎడిసన్ పక్కన మెట్రోపార్క్‌లో పెట్టినా మంచిదే, అక్కడి నుంచి రైలు ప్రయాణం తగ్గుతుంది. ఏ స్టేషన్‌లో పెట్టినా, ఏ గేటు వైపు స్థలంలో రాత్రంతా ఉంచనిస్తారో బోర్డు చూసుకుని పెట్టండి. డైలీ అని రాసిన చోట రెండు రోజులు వదిలేసి వెళ్తే తిరిగొచ్చేసరికి అద్దం మీద టికెట్ ఉంటుంది.

రైలు టికెట్ ఈ రైళ్లు నడిపే ఎన్‌జే ట్రాన్సిట్ యాప్‌లోనో, ప్లాట్‌ఫాం దగ్గరి మిషన్‌లోనో ముందే కొనండి. రైలెక్కాక కండక్టర్ దగ్గర కొంటే 5 డాలర్లు అదనం. యాప్‌లో కొన్న టికెట్‌ని రైలు వస్తుండగా యాక్టివేట్ చేయండి, ఇంట్లోనే చేసేస్తే టైం అయిపోతుంది. వీకెండ్‌లో టికెట్ కొన్న పెద్దవాళ్లు ఒక్కొక్కరితో 11 ఏళ్లదాకా ఉన్న పిల్లలు ఇద్దరు ఉచితం. శుక్రవారం సాయంత్రం 7 నుంచి సోమవారం పొద్దున 6 దాకా ఇది నడుస్తుంది. ఇది తెలియక పిల్లలకీ టికెట్లు కొనేస్తుంటారు.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది, జాగ్రత్త. ఈ లైన్ మీద ‘పెన్ స్టేషన్’లు రెండున్నాయి. ముందు నూవర్క్ పెన్ స్టేషన్ వస్తుంది, తర్వాత సికాకస్, ఆ తర్వాత నది కింది నుంచి వెళ్లాక న్యూయార్క్ పెన్ స్టేషన్. స్పీకర్‌లో నూవర్క్ అన్నా న్యూయార్క్ అన్నా కొత్త చెవికి ఒకేలా వినిపిస్తాయి. పెన్ స్టేషన్ అనగానే సూట్‌కేసులు లాక్కుని దిగేస్తారు. మీరు దిగాల్సింది ఆఖరి స్టేషన్. అందరూ లేచి నిలబడేదాకా కూర్చోండి.

హోటల్ గురించి రెండు ముక్కలు. ఎయిర్‌బీఎన్‌బీలో ఇల్లంతా తీసుకుని వంట చేసుకుందాం అనే ఆలోచన న్యూయార్క్ సిటీలో కుదరదు. 2023 సెప్టెంబర్ నుంచి, 30 రోజుల లోపు అద్దెకి ఇచ్చే ఇంట్లో ఓనర్ కూడా ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. అలాంటి రూల్ ఉండగా ఎవరైనా మొత్తం ఫ్లాట్ ఇస్తామంటే డబ్బు పంపొద్దు. మాన్‌హాటన్ మధ్యలో హోటల్ రేటు ఎక్కువనిపిస్తే క్వీన్స్‌లో లాంగ్ ఐలాండ్ సిటీ చూడండి. నంబర్ 7 రైలు ఎక్కితే నాలుగైదు స్టాపుల్లో గ్రాండ్ సెంట్రల్. గదిలో రెండు డబుల్ బెడ్లు ఉంటే నలుగురు, అంతకు మించి ఒప్పుకోరు. ఆరుగురైతే రెండు గదులు, అవి పక్కపక్కనే కావాలని ముందే ఫోన్ చేసి అడగండి. రేటు మీద సుమారు 15 శాతం ట్యాక్స్ కలుపుకుని పోల్చుకోండి. చెక్-ఇన్ ఎలాగూ మధ్యాహ్నం 3 తర్వాతే. పొద్దున రాగానే రిసెప్షన్‌లో సామాను అప్పజెప్పి చీటీ తీసుకుని బయటపడండి. సూట్‌కేసుతో మ్యూజియంలోకి రానివ్వరు.

ఇప్పుడు సబ్‌వే. పాత మెట్రోకార్డు అమ్మకం 2025తో అయిపోయింది. 2026 జనవరి నుంచి ఒక్కసారికి 3 డాలర్లు, మీ క్రెడిట్ కార్డో ఫోనో ట్యాప్ చేయడమే. 44 అంగుళాల లోపు, అంటే మూడడుగుల ఎనిమిదంగుళాల కంటే పొట్టి పిల్లలకి టికెట్ లేదు. వయసుతో పని లేదు, ఎత్తే లెక్క. బయల్దేరే ముందు గోడ దగ్గర నిలబెట్టి కొలవండి.

ఇదిగో, ఈ గేటు దగ్గరగా చూడండి. కార్డు పెట్టగానే ఈ చిన్న స్క్రీన్ మీద ‘గో’ అని వస్తుంది. అది వచ్చాక ఒకరు నెట్టుకుని లోపలికి వెళ్లాలి, ఆ తర్వాతే రెండో ట్యాప్. చాలామంది నాన్నలు ఒకే కార్డుని గబగబా నాలుగుసార్లు ట్యాప్ చేసి, అప్పుడు అందరినీ రమ్మంటారు. ఒకరు వెళ్లగానే గేటు బిగుసుకుంటుంది, డబ్బు మాత్రం పోయి ఉంటుంది. ముందు పెద్దవాళ్లని పంపండి, మధ్యలో పిల్లలు, కార్డు ఉన్నవాళ్లు ఆఖరున. వారంలో 12 రైడ్‌ల తర్వాత ఉచితం అన్న స్కీం ఉంది కానీ, రెండు రోజుల్లో మనిషికి ఆరేడు రైడ్‌లు దాటవు. దాని గురించి బుర్ర పాడుచేసుకోవద్దు.

గేటు దాటకముందే పైన బోర్డు చూడాలి, అప్‌టౌనా, డౌన్‌టౌనా, అంటే ఉత్తరం వైపా, దక్షిణం వైపా అని. కొన్ని స్టేషన్లలో లోపలి నుంచి అవతలి ప్లాట్‌ఫాంకి దారి ఉండదు. పొరపాటు పడితే రోడ్డు మీదికొచ్చి, దాటి, మళ్లీ 3 డాలర్లు. నలుగురుంటే 12 అన్నమాట. కిక్కిరిసిన రైల్లో ఒక్క పెట్టె ఖాళీగా కనిపిస్తే అదృష్టం అనుకోకండి. ఏసీ పనిచేయకో, కంపు కొడుతోందో అందరూ పక్క పెట్టెలోకి వెళ్లి ఉంటారు.

చాలా స్టేషన్లకి లిఫ్టు లేదు. పెద్ద స్ట్రోలర్ ఇంట్లోనే వదిలి, ఒంటిచేత్తో మడిచే గొడుగు స్ట్రోలర్ తెచ్చుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఫోన్ మ్యాప్‌లో ‘వీల్‌చెయిర్ యాక్సెసిబుల్’ ఆప్షన్ పెట్టి దారి వెతకండి, మెట్లు లేని దారి చూపిస్తుంది. నడకకి లెక్క ఏంటంటే, ఉత్తర దక్షిణాలుగా 20 వీధులు ఒక మైలు. తూర్పు పడమరలుగా అవెన్యూ నుంచి అవెన్యూకి మాత్రం ఒక్కో బ్లాకు మూడు నాలుగు వీధులంత పొడవు. ‘రెండు బ్లాకులే కదా’ అని మామయ్యగారిని నడిపించే ముందు ఎటువైపు రెండు బ్లాకులో చూడండి. తప్పదంటే పసుపు ట్యాక్సీ ఉంది. అందులో నలుగురే. ఏడేళ్లలోపు బిడ్డ వెనక సీట్లో ఒళ్లో కూర్చుంటే ఐదో మనిషిగా ఒప్పుకుంటారు.

మొదటి రోజు ఊరి దక్షిణం కొస మాత్రమే. పెన్ స్టేషన్ నుంచి నంబర్ 1 రైలు ఎక్కితే ఆఖరి స్టాపు సౌత్ ఫెర్రీ. పైకి రాగానే స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ. 1997 నుంచి ఇది ఉచితం, రోజంతా నడుస్తుంది, ప్రయాణం 25 నిమిషాలు. వెళ్లేటప్పుడు కుడివైపు నిలబడితే లిబర్టీ విగ్రహం కనిపిస్తుంది. అవతలి ఒడ్డున అందరూ దిగి తీరాలి, దిగి చుట్టూ తిరిగి మళ్లీ ఎక్కడమే. బయట వెస్టులు వేసుకుని ‘ఫెర్రీ టికెట్, ఫెర్రీ టికెట్’ అని వెంటపడే వాళ్ల దగ్గర ఏమీ కొనొద్దు. ఉచిత పడవకి కూడా టికెట్ అమ్మే ఘనులు వాళ్లు.

విగ్రహం ఉన్న దీవిలోనే దిగాలంటే స్టాచ్యూ సిటీ క్రూజెస్‌లో ముందే బుక్ చేసుకోవాలి, సెక్యూరిటీ ఎయిర్‌పోర్టులో లాగే. పక్క దీవి ఎల్లిస్ ఐలాండ్‌తో కలిపి నాలుగైదు గంటలు పట్టేస్తుంది. కిరీటం దాకా ఎక్కాలంటే టికెట్లు చాలా ముందే అయిపోతాయి, పిల్లలు కనీసం 42 అంగుళాలు ఉండాలి, పీఠం మీది నుంచి 162 ఇరుకు మెట్లు. పెద్దవాళ్లతో వెళ్తే ఫెర్రీయే చాలు, నా మాట వినండి.

మధ్యాహ్నం భోజనం ఫెర్రీ పక్కనే ఉన్న బ్యాటరీ పార్కు బెంచీల మీద. పులిహోర గురించి చెప్పక్కర్లేదు, పొద్దున చేస్తే సాయంత్రం దాకా నిక్షేపంగా ఉంటుంది. తంటా అంతా పెరుగన్నంతోనే. పెరుగు కలిపి తెస్తే వేసవిలో మధ్యాహ్నానికి పుల్లబడి ముద్ద దిగదు. నలుగురికి గ్లాసున్నర బియ్యం మెత్తగా వండి, వేడి తగ్గాక మూడు గ్లాసుల గోరువెచ్చని పాలు పోసి మెదిపి, రెండు చెంచాల పెరుగు మాత్రమే వేసి కలపండి. ఉప్పు ఇప్పుడు వద్దు, తినేటప్పుడు. పొద్దున 7కి కలిపితే దారిలోనే తోడుకుని, ఒంటిగంటకి కమ్మగా ఉంటుంది. పాలు మరీ తక్కువైతే గడ్డకడుతుంది. డబ్బా అంచు దాకా నింపకండి, బిగుసుకుని మూత రాదు.

బాత్రూంకి ఫెర్రీ టెర్మినల్‌లోనే వెళ్లొచ్చేయండి, ఎందుకంటే తర్వాత బ్రూక్లిన్ బ్రిడ్జి, దాని మీద అలాంటి సౌకర్యం లేదు. నడిచేది మైలుకి కాస్త ఎక్కువ, పిల్లలతో ముప్పావుగంట, నీడ ఉండదు. బ్రూక్లిన్ వైపు మొదలుపెడితే మాన్‌హాటన్ భవనాలు ఎదురుగా ఉంటాయి. మాన్‌హాటన్ నుంచి వస్తే ప్రతి ఫొటోకీ వెనక్కి తిరగాలి. బౌలింగ్ గ్రీన్‌లో నంబర్ 4 ఎక్కి, ఫుల్టన్ స్ట్రీట్‌లో ‘ఏ’ (A) రైలు గానీ ‘సీ’ (C) గానీ బ్రూక్లిన్ వైపుది పట్టుకుంటే తర్వాతి స్టాపే హై స్ట్రీట్. దిగితే వంతెన మెట్లు దగ్గరే. అత్తయ్యగారు నడవలేకపోతే ఇది వదిలేసి రూజ్‌వెల్ట్ ఐలాండ్ ట్రామ్ ఎక్కించండి. రెండో అవెన్యూ, 59వ వీధి దగ్గర మొదలవుతుంది, సబ్‌వే టికెట్ ధరే, నది మీద గాల్లో నాలుగు నిమిషాలు.

రాత్రికి టైమ్స్ స్క్వేర్. చూసే పని అరగంటలో అయిపోతుంది. మిక్కీ మౌస్ వేషాల వాళ్లు పిల్లల భుజం మీద చెయ్యి వేశారంటే ఫొటోకి డబ్బు అడుగుతారని అర్థం. ఒక్కో వేషం వాళ్లూ విడివిడిగా అడుగుతారు. మన భోజనం కావాలంటే లెక్సింగ్టన్ అవెన్యూ మీద 26, 29 వీధుల మధ్యకి రండి. దోసెలు, తాలీలు వరసగా దొరుకుతాయి.

ఆదివారం ఉదయం నేచురల్ హిస్టరీ మ్యూజియం. 10కి తెరుస్తారు, టికెట్‌కి టైం స్లాట్ ఉంటుంది. ‘ఎంతిచ్చినా సరే’ పద్ధతి న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ వాళ్లకే. వర్జీనియా లైసెన్సుతో వెళ్తే పూర్తి ధర కట్టాల్సిందే. స్టేషన్ పేరు 81వ వీధి. మ్యాప్‌లో బీ, సీ అని రెండు రైళ్లు రాసి ఉంటాయి, బీ వీకెండ్‌లో నడవదు. ఆదివారం దాని కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ కుటుంబాలు ఎన్నో. పోనీ అని అదే ప్లాట్‌ఫాం మీదికొచ్చిన ‘ఏ’ (A) రైలు ఎక్కితే 59 దాటాక ఏకంగా 125వ వీధిలో ఆగుతుంది. సీ మాత్రమే ఎక్కండి. లోపలికి వెళ్లాక నేరుగా నాలుగో అంతస్తుకి వెళ్లి, డైనోసార్లు చూసి కిందికి దిగుతూ రండి. 122 అడుగుల టైటనోసార్ అక్కడే, మెడ గదిలో పట్టక తలుపు బయటికి వచ్చి ఉంటుంది. 94 అడుగుల నీలి తిమింగలం మొదటి అంతస్తులో, ఆఖరున చూస్తే పిల్లలు దాని కింద నేల మీద పడుకుని కాసేపు కదలరు. మీ కాళ్లకి కూడా విశ్రాంతి.

రోడ్డు దాటితే సెంట్రల్ పార్కు. రిక్షా ఎక్కేముందు రేటు నిమిషానికా, మొత్తానికా, మనిషికా అని అడగండి. బోర్డు మీద అంకె చిన్నదే, నిమిషాలే ఎక్కువ.

మ్యూజియం బదులు గుడి కావాలంటే క్వీన్స్‌లో ఫ్లషింగ్ గణేశ్ టెంపుల్ ఉంది. 1977లో కుంభాభిషేకం జరిగింది, బేస్‌మెంట్‌లో క్యాంటీన్. నంబర్ 7 రైలు ఆఖరి స్టాపు మెయిన్ స్ట్రీట్, అక్కడి నుంచి నడిస్తే ఇరవై నిమిషాల పైనే. కానీ వీకెండ్‌లో ట్రాక్ పనుల కోసం 7ని సగంలో ఆపేసి బస్సు పెడుతుంటారు. శుక్రవారం రాత్రే సబ్‌వే నడిపే ఎంటీఏ వాళ్ల యాప్‌లో ‘ప్లాన్డ్ వర్క్’ చూడండి. గుడీ, మ్యూజియం రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు, ఊరికి ఆ చివరొకటి, ఈ చివరొకటి.

హోటల్‌లో సామాను తీసుకుని సాయంత్రం 4కల్లా పెన్ స్టేషన్ చేరండి. రైలు ఏ ట్రాక్ మీదో బయల్దేరే పది నిమిషాల ముందే బోర్డు మీద వేస్తారు, వేయగానే జనం ఒక్కసారి మెట్ల మీదికి ఉరుకుతారు. పెద్దవాళ్లతో ఆ తోపులాటలోకి వెళ్లకండి. వీలైతే ఆ రైలు వదిలేసి, తర్వాతి దాని కోసం మెట్ల పక్కనే నిలబడి ఉండండి. మెట్రోపార్క్‌లో దిగితే మన ఇండియన్ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డు కారులో కొద్ది నిమిషాలే. కారులో ఐస్ బ్యాగు పెట్టుకుని ఉంటే గోంగూర, లేత బెండకాయలు, కరివేపాకు కొనుక్కుని, టిఫిన్ తిని బయల్దేరొచ్చు. ఆదివారం సాయంత్రం అక్కడ పార్కింగ్ దొరకాలంటే మెయిన్ రోడ్డు వదిలేసి కొట్ల వెనక వైపు చూడండి.