ఎవరిని అడిగి తయారు చేశారు?

మిత్రులారా,

తెలివినీ మనసునూ కొలిచే పరీక్షలు ఎలా తయారవుతాయో ఈరోజు చెప్పాలనుకుంటున్నాను. ముందుగా ఒక బొమ్మను ఊహించుకోండి. టెన్నిస్ ఆడుతున్నారు, మధ్యలో వల లేదు. లోపించినదేమిటో గీయాలి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, ఇంగ్లీషు చదవలేని వారి కోసం అమెరికా సైన్యం పెట్టిన బీటా అనే తెలివి పరీక్షలో ఇలాంటి బొమ్మ ఉంది. ఎక్కడో పల్లె నుంచి వలస వచ్చి, టెన్నిస్ ఎన్నడూ చూడని యువకుడు వల గీయకపోతే, తక్కువని తేలేది అతని తెలివి! ఇంగ్లీషు చదవగలిగేవారికి పెట్టిన ఆల్ఫా పరీక్ష, ఈ బీటా పరీక్ష రెండూ కలిపి 17 లక్షల మందికి పైగా రాశారు. భాషను తీసేస్తే చాలనుకున్నారు. బొమ్మకూ ఒక ఊరు ఉంటుంది.

అంతకుముందే పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ అనే మనస్తత్వవేత్తలు 1905లో పిల్లల తెలివిని కొలిచే 30 అంశాల పరీక్ష తయారు చేశారు. చదువులో వెనుకబడిన పిల్లలను గుర్తించి సాయం అందించడమే దాని ఉద్దేశం. 1908లో దాన్ని సవరించినప్పుడు, ఏ వయసు పిల్లల్లో ఎక్కువమంది ఒక పని చేయగలుగుతున్నారో చూసి, దాన్ని ఆ వయసు కింద చేర్చారు. పెద్దలు గదిలో కూర్చుని అనుకున్నది కాదు, పిల్లలు చేసి చూపినదే ప్రమాణమైంది. ఈ పద్ధతి మీద నాకు ఎంతో గౌరవం.

నేటికీ మూలం అదే. అంశాలు రాస్తారు, కొందరికి ఇచ్చి చూస్తారు, అందరూ చేసేసేవీ ఎవరూ చేయలేనివీ తీసేస్తారు. మళ్లీ కొలిచినా దాదాపు అదే ఫలితం వస్తే విశ్వసనీయత ఉన్నట్టు. కొలవదలచినదాన్నే కొలుస్తుంటే సప్రమాణత ఉన్నట్టు. తక్కెడ ఎన్నిసార్లు తూచినా బియ్యం బరువు ఒకేలా చూపవచ్చు. బియ్యం రుచి మాత్రం దానికి తెలియదు.

ఇప్పుడు మన సంగతి. కుంగుబాటును గుర్తించడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. దాన్ని తెలుగులోకి మార్చి ఇస్తే సరిపోతుందా? మన ఇంట్లో పెద్దావిడ 'నాకు విచారంగా ఉంది' అంటుందా? 'గుండె బరువుగా ఉంది', 'అన్నం సయించడం లేదు', 'ఒంట్లో సత్తువ లేదు' అంటుంది. అందుకే అనువదించాక, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. రెండింటినీ పోల్చాలి. ప్రశ్న విన్నవారికి ఏం అర్థమైందో వారినే అడగాలి. చివరికి వైద్యుడి నిర్ధారణతో సరిచూడాలి. ఇందులో ఏ మెట్టునూ దాటవేయకూడదు.

ఇంకొక లెక్క ఉంది, దయచేసి నాతోపాటు వేయండి. ఈ ప్రశ్నావళిపై 2001లో వెలువడిన మూల అధ్యయనంలో, మార్కు 10 లేదా ఆపైన ఉంటే, తీవ్ర కుంగుబాటు ఉన్న నూటికి 88 మందిని పరీక్ష పట్టుకుంది. లేనివారిలో నూటికి 88 మందిని సరిగానే వదిలింది. చాలా మంచి పరీక్షే. వెయ్యిమందిలో 50 మందికి జబ్బు ఉందనుకుందాం. వారిలో 44 మంది దొరుకుతారు. జబ్బు లేని 950 మందిలో 114 మందికి కూడా మార్కు 10 లేదా ఆపైన వస్తుంది. మొత్తం 158 మందిలో నిజంగా జబ్బున్నవారు 44 మందే, అంటే నూటికి 28.

ఆ 158 మందికీ కాగితం మీద అంకె ఒకేలా కనిపిస్తుంది. వారిలో ఎవరు ఎవరో తెలియాలంటే ఒక్కొక్కరితో తీరిగ్గా కూర్చుని మాట్లాడే వైద్యుడు కావాలి. ఆ ఏర్పాటు లేకుండా బడుల్లో, కాలేజీల్లో ఈ ప్రశ్నావళిని పంచవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.