మూత్రం ఎర్రగా వస్తుందని ఒక్కరూ చెప్పలేదు

అందరికీ నమస్తే అండీ. ఇవాళ మా బాబాయ్ సంగతి చెప్తాను. ఆయన్ని అడిగే చెప్తున్నా, "చెప్పరా, నేను చేసిన పని ఇంకొకళ్ళు చేయకూడదు" అన్నారు.

పోయినేడు బాబాయ్‌కి టీబీ వచ్చింది. నెలన్నర నుంచి దగ్గు, సాయంత్రమైతే జ్వరం, మనిషి చిక్కిపోయి చొక్కాలు వేలాడుతున్నాయి. కళ్ళె పరీక్షలో బయటపడింది. మందులిచ్చారు. ఆ ఆస్పత్రి పేరు చెప్పను గానీ, కవర్లో షీట్లు పెట్టి "రోజూ మూడు బిళ్ళలు, ఆర్నెల్లు, ఆపకూడదు, నెక్స్ట్" అన్నారంట, అంతే, అయిపోయింది.

మర్నాడు బాత్రూంకి వెళ్తే మూత్రం నారింజ రంగులో, రక్తం కలిసిందా అన్నట్టు వచ్చింది. ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. పిన్నికి చెప్తే "మందులు వేడి చేసినట్టున్నాయి" అని బార్లీ నీళ్ళు, మజ్జిగ, సబ్జా గింజలు మొదలెట్టింది. నాలుగు రోజులు చూశారు, రంగు మారలేదు, ఇక బిళ్ళలే మానేశారు. మానేసిన ఒకట్రెండు రోజులకి మామూలుగా వచ్చేసరికి, చూశావా మందుల వల్లే అని ఇంకా గట్టిగా నమ్మేశారు. పదకొండు రోజులు వేసుకోలేదు. నేను ఊరెళ్ళి చూస్తే అలమరలో షీట్లు అట్లాగే ఉన్నాయి.

"డాక్టర్ గారిని అడగొచ్చు కదా బాబాయ్?" అన్నాను.

"ఏమోరా, వెనకాల అంత లైను ఉంది, మూత్రం గురించి ఏం అడుగుతాం, ఏమనుకుంటారో అని."

ఆ మాటకి నాకు నిజంగా ఏడుపొచ్చిందండీ.

అసలు విషయం ఏంటంటే, టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అని ఒకటి ఉంటుంది, అది వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది, చెమట, కన్నీళ్ళు కూడా ఆ రంగు పట్టొచ్చు, దానివల్ల ఏ హానీ లేదు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళకి మాత్రం వాటికి మరక పడొచ్చు. నిజంగా కంగారు పడాల్సినవి వేరే ఉన్నాయి. కళ్ళు పచ్చబడటం, ఆగకుండా వాంతులు, అన్నం అస్సలు సయించకపోవడం, ఇవి లివర్ దెబ్బతింటోందనడానికి గుర్తులు కావొచ్చు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఇథాంబ్యుటాల్ అనే ఇంకో మందుకి చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా వెంటనే చెప్పాలి. ఇక మధ్యలో మానేసి మళ్ళీ మొదలెడుతూ ఉంటే క్రిములు మందుకి లొంగకుండా తయారవుతాయి, అప్పుడు ఇంకా గట్టి మందులు వాడాల్సొస్తుంది.

ఇదంతా చెప్పడానికి ఎంతసేపు పట్టింది? నిమిషం పట్టలేదు కదా. ఆ నిమిషం కౌంటర్ దగ్గర దొరక్క మా బాబాయ్‌కి పదకొండు రోజులు పోయాయి. డాక్టర్లకి ఊపిరాడనంత పని ఉంటుంది, నాకు తెలుసు, రోజుకి వందమందిని చూసేవాళ్ళున్నారు. కానీ చెప్పించుకోవడం మన హక్కు అండీ, వాళ్ళు మనకి చేసే సాయం అనుకోకండి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన పేషెంట్ల హక్కుల చార్టర్‌ని 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకి పంపించింది, అందులో మొట్టమొదటిదే సమాచారం తెలుసుకునే హక్కు. జబ్బేంటి, ఏ మందు ఎందుకు, ఖర్చెంత, ఇవన్నీ మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలి. మందులు ఆస్పత్రిలో ఉన్న షాపులోనే కొనాలన్న రూలు కూడా లేదు.

సంతకాల సంగతి కూడా చెప్పాలి. ఆపరేషన్ ముందు కాగితాలు చేతిలో పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు చూపిస్తారు, మనం పెట్టేస్తాం. ఢిల్లీలో ఒకావిడ పరీక్ష కోసం లాప్రోస్కోపీకి, అంటే పొట్టలోకి సన్న గొట్టంతో కెమెరా పెట్టి చూడటానికి, ఒప్పుకుని సంతకం పెట్టింది, ఆవిడ మత్తులో ఉండగా బయట కూర్చున్న వాళ్ళమ్మతో సరే అనిపించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2008లో కోర్టు ఏం చెప్పిందంటే, ప్రాణం మీదకొచ్చిన పరిస్థితి కానప్పుడు, మేజరు అయి తన నిర్ణయం తను తీసుకోగల మనిషి, అప్పటికి మత్తులో ఉన్నా సరే, తరఫున తల్లి ఒప్పుకుంటే చెల్లదు, పరీక్షకి ఇచ్చిన అనుమతితో ఆపరేషన్ చేయకూడదు అని. అందుకే సంతకం పెట్టేముందు "ఇందులో ఏం రాసుందో తెలుగులో చెప్పండి" అని అడగండి. చదువుకున్నవాళ్ళు కూడా అడగండి, ఆ ఇంగ్లీషు అందరికీ అర్థమయ్యేది కాదు.

ఇంకోటి, ఫైలు. ఇన్‌పేషెంట్‌గా ఉన్నప్పటి రికార్డులు కావాలని రాసిస్తే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. నోటితో అడిగి వదిలేయకండి, తెల్లకాగితం మీద రాసి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి.

ఇప్పుడు మేం ఇంట్లో ఏం చేస్తున్నామంటే, ఆస్పత్రికి వెళ్ళేముందు అడగాల్సినవి చీటీ మీద రాసుకుంటున్నాం, ఎందుకంటే ఆ గదిలోకి వెళ్ళగానే అన్నీ మర్చిపోతాం. బయటికొచ్చేముందు "అయితే ఇది పొద్దున పరగడుపున, ఇది అన్నం తిన్నాక, అంతేనా డాక్టర్ గారూ?" అని మనమే తిరిగి చెప్తే తప్పుంటే వాళ్ళు అక్కడే సరిదిద్దుతారు.

బాబాయ్‌ని ఆ రోజే టీబీ సెంటర్‌కి తీసుకెళ్ళి జరిగింది దాచకుండా చెప్పాం. మళ్ళీ పరీక్ష చేసి మందులు మొదలెట్టారు. పోషకాహారానికి నెలనెలా ఇచ్చే డబ్బులు కూడా ఉన్నాయని అక్కడే తెలిసింది, 2024 నవంబర్ నుంచి అవి వెయ్యి రూపాయలు చేశారు. ఎవరికైనా అనుమానం ఉంటే టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666, ఫ్రీ.

కోర్సు పూర్తయింది, ఆరు కిలోలు పెరిగారు. చివరి నెల మందులకి వెళ్ళినప్పుడు బెంచీ మీద పక్కనే ఓ కుర్రాడు కొత్తగా కవరు పట్టుకుని కూర్చున్నాడు. బాబాయ్ వాడి వైపు జరిగి మెల్లగా అన్నారు, "బాబూ, రేపు మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడమాక, మందు మానమాక."