ఎపిసోడ్ 61: ఎమోనా? ఏమో!

[00:00]

శిరీష: ...ఆ ముక్క మాత్రం కట్ చెయ్ రా, పరువు పోతది. ఆన్ అయిందా? ఆ, నమస్తే అందరికీ, 61వ ఎపిసోడ్, నేను శిరీష, ఎదురుంగ—

వంశీ: ఎదురుగా నేనేనండి బాబు. పోయిన వారం ఎపిసోడ్ ఏదని మెసేజ్‌లు పెట్టిన పదకొండు మందికీ సారీ, కారణం ఇడ్లీ పాత్ర, అంతకంటే చెప్పను.

శిరీష: చెప్తే నేనూరుకోను. సరే, ఇయ్యాల టాపిక్ మనకు వాయిస్ మెసేజ్‌లో వచ్చింది. ఒక చెల్లె అడిగింది, వాళ్ళన్న పాత ఆర్కుట్ ఫోటో దొరికిందట, కండ్లకు కాటుక, ఒక కన్ను మీదికి జుట్టు, నల్ల టీషర్టు, మెడ వంచి పైనుంచి తీసుకున్న ఫోటో. అన్ననడిగితే ఎమో అన్నడట. ఎమో అంటే ఏంది అని అడుగుతుంది.

వంశీ: ఏమో.

శిరీష: తెలుసు నాకు, ఇది అంటవని తెలుసు, పొద్దున్నుంచి ఎదురుచూస్తున్న.

వంశీ: అది కాదు శిరీ, సీరియస్‌గానే అంటున్నా. ఇంగ్లీషులో దాన్ని ఇమో అంటారు, పంక్‌లోంచి పుట్టిన ఒక రకం రాక్ పాటలు, పేరు ఎమోషనల్‌లోంచి వచ్చింది. మనం ఎమో అనగానే సగం సమాధానం చెప్పేసినట్టే, ఎందుకంటే ఆ పాటలు పాడినోళ్ళలో దాదాపు ఎవడూ నేను ఎమో అని ఒప్పుకోలేదు. అడిగితే అందరిదీ ఏమోనే.

శిరీష: కరెక్టే. మొదటి నుంచి షురూ చేద్దాం, నోట్స్ రాసుకున్న. 1985, వాషింగ్టన్ డీసీ. అక్కడ హార్డ్‌కోర్ పంక్ అని ఉండె, స్పీడు, అరుపులు. పోను పోను ఆ షోలల్ల పాట తక్కువ, కొట్లాట ఎక్కువ అయిపోయింది, స్కిన్‌హెడ్లని గుండు గీసుకున్న గ్యాంగులు వచ్చి స్టేజి ముంగట పిడిగుద్దులు గుద్దుకునుడు. ఇది నచ్చనోళ్ళు కొంతమంది మనం వేరే తీరు చేద్దామనుకున్నరు, ఆ ఎండాకాలానికే రివల్యూషన్ సమ్మర్ అని పేరు. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్, ఎంబ్రేస్, ఈ బ్యాండ్లు. అదే సౌండు, అదే అరుపు, కానీ ఇప్పుడు ప్రభుత్వం మీద అరుసుడు కాదు, లోపల ఏం నొప్పి ఉన్నదో దాని మీద అరుసుడు.

వంశీ: ప్రభుత్వం మీద కూడా అరిచారు కదా, ఆ దక్షిణాఫ్రికా ఎంబసీ ముందు...

శిరీష: అవును, వర్ణవివక్షకు వ్యతిరేకంగ ఎంబసీ ముందట డబ్బాలు, డ్రమ్ములు పట్టుకొని వాయించిన్రు, అదే ఎండాకాలం. అంటే ఏడుపు పాటలోళ్ళు ఇంట్ల కూసోలే. ఇక అప్పుడే ఒక మ్యాగజైన్ ఎమోకోర్ అనే మాట వాడింది, ఎంబ్రేస్ బ్యాండ్‌ల పాడే ఇయాన్ మెక్‌కే దాన్ని స్టేజి మీదనే తిట్టిపోసిండు, నేను విన్న మాటలల్ల ఇంత పిచ్చి మాట లేదన్నట్టు. పుట్టిన బారసాల నాడే పేరు వద్దన్నరన్నట్టు.

వంశీ: మన భావకవిత్వం కూడా—

శిరీష: హుండీ! హుండీల పది వెయ్.

వంశీ: ఇంకా చెప్పనే లేదు!

శిరీష: భా అన్నవ్. వెయ్.

[చిల్లర చప్పుడు]

వంశీ: వేశానుగా, ఇక చెప్తా. మా పిఠాపురం వైపు మనిషి కృష్ణశాస్త్రి గారు, ఆ గిరజాల జుట్టు, ఆ కండువా. 1920ల్లో కాలేజీ కుర్రోళ్ళు అచ్చం అలాగే జుట్టు పెంచేసి, లాల్చీ తొడిగేసి, దొరకని ప్రియురాలి కోసం నిట్టూర్పులు విడిచేవోళ్ళు. పెద్దోళ్ళు నవ్వారు, తర్వాతొచ్చిన కవులూ నవ్వారు. కవిత్వం చదవనోడు కూడా జుట్టు మాత్రం పెంచేవోడు. ఇది ఎమో కాదా?

శిరీష: ఇది నువ్వు మెటల్ ఎపిసోడ్‌ల కూడా చెప్పినవ్, క్రికెటర్ల జుట్టు ఎపిసోడ్‌ల కూడా చెప్పినవ్.

వంశీ: ఎందుకంటే అన్నిచోట్లా కరెక్టే కాబట్టి.

[06:40]

శిరీష: సరే, రెండో వేవ్. 94ల సియాటిల్ నుంచి సన్నీ డే రియల్ ఎస్టేట్ అనే బ్యాండ్—

వంశీ: పేరు చూడు, ప్లాట్లు అమ్మే కంపెనీలా. ఈస్ట్ ఫేసింగ్, గేటెడ్ కమ్యూనిటీ.

శిరీష: —తర్వాత ఇది మిడ్‌వెస్ట్‌కు పోయింది, చికాగో, కాన్సాస్, ఇల్లినాయ్ దిక్కు...

వంశీ: ఆగు. ఇక్కడ ఆగు. అర్బానా.

శిరీష: మొదలైంది.

వంశీ: ఇది చెప్పకపోతే నేనీ ఎపిసోడ్‌కి రావడం దండగ. నేను ఎమ్మెస్ చేసింది అర్బానా-షాంపెయిన్‌లో, 2011 నుంచి 13. వెస్ట్ హై స్ట్రీట్ అని ఒక వీధి, చెట్లు, పాత చెక్క ఇళ్ళు, నేను రోజూ బస్సుకి ఆ దారినే. ఒక తెల్లటి ఇల్లు, రెండంతస్తులు, స్టూడెంట్లు అద్దెకుండే మామూలు ఇల్లు, ఏ ప్రత్యేకతా లేదు. ఓ రోజు మంచు, నా రెండు చేతుల్లో బియ్యం, కందిపప్పు సంచులు, ఒకడు రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఇంటి పైకిటికీని ఫోటో తీస్తున్నాడు. నేను రూమ్ వెతుక్కుంటున్నాడేమో అనుకున్నా. వాడు నాకు ఫోన్ ఇచ్చి నన్ను ఒకటి తియ్యవా అన్నాడు. తీశా. తీసేసి అడిగా, ఇక్కడ రెంట్ ఎంతంట అని.

శిరీష: [నవ్వులు] వాడేమన్నడు?

వంశీ: ఏమీ అనలేదు, నన్ను గుళ్ళోకి చెప్పులేసుకొచ్చినోడిని చూసినట్టు చూశాడు. తర్వాత నేను డాలస్ వచ్చేశా, ఉద్యోగం, క్యూబికల్, 2014లో ఏదో సాయంత్రం యూట్యూబ్ దానంతటదే ఒక ఆల్బమ్ ప్లే చేసింది, బొమ్మ చూస్తే అదే ఇల్లు! అదే పైకిటికీ, కింద నుంచి తీసింది, లోపల లైటు. అమెరికన్ ఫుట్‌బాల్ అనే బ్యాండ్, 1999 ఆల్బమ్. ముగ్గురు కాలేజీ కుర్రోళ్ళు, ఒక ఆల్బమ్ చేశారు, చదువైపోయింది, ఎవడి దారిన వాడు పోయాడు. తర్వాత పదిహేనేళ్ళు జనం ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకుని విని విని దాన్ని పెద్దది చేశారు, 2014లో వాళ్ళు మళ్ళీ కలిశారు. అసలు ఆ ఇంట్లో బ్యాండ్ వాళ్ళు అద్దెకి కూడా లేరు, ఫ్రెండ్స్ ఉండేవోళ్ళు.

శిరీష: ఇప్పుడు ఆ ఇల్లు కొన్నరు కదా?

వంశీ: 2023లో. బ్యాండ్ వాళ్ళు, వాళ్ళ ఆల్బమ్ విడుదల చేసిన కంపెనీ పాలీవినైల్, ఇంకొందరు కలిసి. ఎవడో కొని కూల్చేస్తాడేమో అని. నువ్వే చెప్పు, ఒక ఆల్బమ్ అట్ట మీద ఉన్న ఇంటిని కాపాడుకున్నారంటే, మన దగ్గర కవులు పుట్టిన ఇళ్ళు—

శిరీష: హుండీ.

వంశీ: పేరు చెప్పలేదు కదా!

శిరీష: మనసుల చెప్పినవ్. నాకు ఒకటి చెప్పు, రెండేండ్లు ఆ ఇంటి ముంగట నుంచి పోయినవ్, పాట ఒక్కటి వినలే. ఆ మంచుల మోకాళ్ళ మీద కూసున్నోడు ఎమోనా, నువ్వు ఎమోనా?

వంశీ: ...అది అన్యాయం.

శిరీష: న్యాయమే. ఎమో అంటే పాటనా, మనిషా? నీలాంటోళ్ళు అర్బానా అంటరు, ఆ గిటార్ శ్రుతి అంటరు, ఆ ఎఫ్-ఏ-సీ-జీ అని ఏదో.

వంశీ: ఎఫ్-ఏ-సీ-జీ-సీ-ఈ. ఆరో తీగ అర మెట్టు పైకి, నాలుగో తీగ ఒక మెట్టు కిందకి, రెండోది అర మెట్టు పైకి. ఇక వేళ్ళేం పెట్టకుండా ఊరికే మీటినా చాలు, అదే ఒక తియ్యటి కార్డ్, అంటే స్వరాలన్నీ కలిసి మోగడం, కొంచెం దిగులుగా. దాని మీద గలగలమని వేళ్ళతో ఏరుకుంటూ పోతారు, పక్కన ట్రంపెట్, అది వాయించేది వాళ్ళ డ్రమ్మరే. నేను ట్రై చేశా, రెండో తీగ తెగింది.

శిరీష: నీ రెండో తీగ సంగతి మన లిజనర్లకు తెలుసు. నేనేమంటనంటే, మన చెల్లె అడిగింది వాళ్ళన్న గురించి. ఆ అన్న ఈ బ్యాండ్ పేరు వినుండడు. ఆయన విన్నది ఏముంటది, హాస్టల్ ల్యాన్‌ల, డీసీ ప్లస్ ప్లస్ అని ఫైళ్ళు పంచుకునే సాఫ్ట్‌వేర్ ఉండె, అండ్ల దొరికినవి. లింకిన్ పార్క్, మై కెమికల్ రొమాన్స్ లాంటి బ్యాండ్లు. లింకిన్ పార్క్ ఎమోనే కాదంటరు పండితులు. అయినా ఆయన కాటుక పెట్టుకున్నడు. ఆయనది అబద్ధమా?

వంశీ: అబద్ధం అనలేదు నేను. ఫ్యాషన్ అంటున్నా.

శిరీష: ఫ్యాషన్ అంటే తక్కువనా? మై కెమికల్ రొమాన్స్ సింగర్ జెరార్డ్ వే కూడా మేం ఎమో కాదు, ఆ మాటే చెత్త అన్నడు. కానీ 2008ల ఇంగ్లండ్‌ల ఒక అమ్మాయి చచ్చిపోతే డెయిలీ మెయిల్ పేపర్ ఇదంతా ఎమో వల్లనే అన్నట్టు రాసింది, అప్పుడు ఆ పేపర్ ఆఫీస్ ముంగటికి పోయి నిలబడ్డదెవరు? నల్లబట్టల పోరలు. సింగర్ కాదన్న పేరును వాళ్ళు మోసిన్రు. నువ్వేమో శ్రుతి గురించి చెప్తున్నవ్.

[15:10]

వంశీ: సరే సరే. ఓ మాట ఒప్పుకుంటా. కాటుక విషయంలో మనకసలు నవ్వే హక్కు లేదు. ఐదేళ్ళొచ్చే దాకా మగపిల్లాడికి అమ్మే కాటుక దిద్ది, బుగ్గన దిష్టి చుక్క పెట్టి ఫోటో స్టూడియోకి తీసుకెళ్తుంది, పదిహేనేళ్ళకి వాడే పెట్టుకుంటే మాత్రం కొంప కొల్లేరు.

శిరీష: [నవ్వులు] నీది ఉంది కదా ఆ ఫోటో, గౌను ఏసుకొని.

వంశీ: దాని జోలికెళ్ళకు.

శిరీష: ఇంకోటి కూడా చెప్పాలె. ఈ పాటలల్ల అమ్మాయి ఎప్పుడూ వదిలిపోయేదే. ఆమెకు పేరుండది, మాట ఉండది. 2003లనే జెస్సికా హాపర్ అని ఒక రైటర్ పంక్ ప్లానెట్ అనే మ్యాగజైన్‌ల రాసింది, ఎమోల ఆడపిల్లలు ఏరీ అని. షోలల్ల ముందు వరుస నిండా ఆడపిల్లలే, పాటలల్ల మాత్రం మోసం చేసిన బొమ్మలు. నేను ఇంజనీరింగ్‌ల ఉన్నప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఏడ్సిన, ఎవరి తరఫున ఏడుస్తున్ననో చూసుకోలే. నన్ను నేనే తిట్టుకున్నట్టున్నది ఇప్పుడు వింటే.

వంశీ: కృష్ణశాస్త్రి గారి ఊర్వశి కూడా అంతే కదా, ఆవిడ మాట్లాడదు, ఈయనే—

శిరీష: హుండీ. ఈసారి ఇరవై.

వంశీ: ఇరవై ఎందుకు?

శిరీష: సీరియస్ పాయింట్ మధ్యల తెచ్చినవ్ కాబట్టి.

[చిల్లర చప్పుడు]

శిరీష: నవ్వుతున్నం కానీ, ఇది నవ్వుతో ఆగలే అన్ని చోట్ల. 2008 మార్చిల మెక్సికోల, కెరెటారో అనే ఊర్ల, వందల మంది జమై ఎమో పోరలను వెతికి వెతికి కొట్టిన్రు. కొట్టినోళ్ళల్ల పంక్‌లు కూడా ఉన్నరని చదివితే నాకు మనసున పట్టలే, ఆ పంక్ కడుపుల నుంచే కదా ఇది పుట్టింది. మగోళ్ళ లెక్క లేరు అనేది వాళ్ళ కోపం. తర్వాత ఆ పిల్లలే మెక్సికో సిటీల ఊరేగింపు తీసిన్రు. 2012ల బాగ్దాద్‌లనైతే చంపిన్రు. టైట్ జీన్స్, జుట్టు, అంతే. ఆ పోరల్లో ఎంతమంది డీసీ బ్యాండ్లు విన్నరు చెప్పు. పాట చేరకముందే పేరు చేరింది, పేరుకే దెబ్బలు.

వంశీ: ఊఁ.

శిరీష: ఏంది, సైలెంట్ అయినవ్.

వంశీ: ఏం లేదు. ...మన 12వ ఎపిసోడ్ నుంచి నా గుండు ఫోటో మీద జోకులేస్తాం కదా.

శిరీష: తిరుపతి గుండు. స్టిక్కర్ కూడా చేసిన్రు మనోళ్ళు.

వంశీ: అది మొక్కు కాదు.

శిరీష: అంటే?

వంశీ: 2007. సెకండ్ ఇయర్ సంక్రాంతి సెలవులు. నాకు ఇక్కడి దాకా ఉండేది జుట్టు, ఒక కన్ను మీదకి, వారానికోసారి ఎదురింటి అక్క స్ట్రెయిటనింగ్ మెషీన్ అడిగి తెచ్చుకునేవోణ్ణి. పండక్కి ఇంటికెళ్తే బాబాయిలు, చుట్టాలు, వీడేంట్రా ఆడపిల్లలా అని. నాన్న ఒక్క మాట అనలేదు. భోగి తెల్లారుజామున లేపి కారెక్కమన్నాడు. మొక్కుంది అన్నాడు. ఎవరి మొక్కు, ఎప్పటి మొక్కు, నేనడగలేదు, అమ్మా అడగలేదు. కళ్యాణకట్టలో కూర్చున్నప్పుడు నాన్న పక్కనే నిలబడ్డాడు, నా మొహం వైపు కాకుండా కింద పడుతున్న జుట్టు వైపే చూస్తా. తర్వాత లడ్డూ కొనిపెట్టాడు.

శిరీష: ...నువ్వు గదంతా నవ్వుకుంట చెప్పేటోడివి కదరా హాస్టల్‌ల.

వంశీ: నవ్వుతా చెప్పకపోతే ఇంకెలా చెప్తాం. దేవుడి పేరు చెప్తే ఎవడూ ఏం అనడుగా. చుట్టాలంతా ఎంత భక్తో అన్నారు.

శిరీష: మరి నువ్వెందుకు మళ్ళ పెంచలే?

వంశీ: పెంచుదామనే అనుకున్నా. పెరిగేసరికి ప్లేస్‌మెంట్లొచ్చాయి.

శిరీష: ఆ స్టిక్కర్ తీసేయమంటవా గ్రూపుల?

వంశీ: వద్దు, ఉంచు, బాగుంది అది. గుండు బాగానే ఉంటది నాకు. ...మీ నాన్న ఫోన్ చేస్తున్నట్టున్నారు, నీ ఫోన్ అదురుతుంది.

శిరీష: మా నాన్న కాదు, సిలిండర్ అతను. కింద ఉన్నడట, లిఫ్ట్ పనిచేస్తలేదు మా దగ్గర. ఆగు, నాలుగో వేవ్ ఉండె, ఎమో ర్యాప్ ఉండె, లిల్ పీప్ అనే ర్యాపర్ ఉండె, నోట్స్‌ల సగం పేజీ మిగిలింది—

వంశీ: వచ్చాక చెప్పు.

శిరీష: రికార్డింగ్ ఆపకు, వస్త.

వంశీ: ఊఁ.

[తలుపు చప్పుడు]

వంశీ: ...ఆ చెల్లెమ్మా, మీ అన్నయ్య ఫోటో డిలీట్ చెయ్యమంటే చెయ్యకండి. ఏం, ఇప్పుడు జుట్టుందా ఆయనకి? ఆయ్, అది కూడా అడిగి మెసేజ్ పెట్టండి. ఇదెక్కడ నొక్కాలి ఆపడానికి, ఎర్రదా—

[23:52]